ఢిల్లీ ఫైల్లో మన పంటల క్యాలెండర్ ఉండాలి

(కడపలో ఎకనామిక్స్, కామర్స్ విద్యార్థులు, ఉల్లి రైతుల ముందు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. ముందు వరుసల్లో మైదుకూరు, దువ్వూరు వైపు నుంచి వచ్చిన రైతులున్నారు, వెనక పిల్లలు కూర్చున్నారు. మిమ్మల్నందరినీ ఒకే హాల్లోకి తెచ్చినందుకు నిర్వాహకులకు ముందుగా థాంక్స్. నేను ఏళ్ళ తరబడి పనిచేసిన మీటింగుల్లో లెక్కలు తెలిసినవాళ్ళకు కొదవ లేదు, గడ్డ తవ్వేవాళ్ళు మాత్రం ఒక్కరు కూడా ఉండేవాళ్ళు కాదు. ఈరోజు నేను చెప్పాలనుకున్నదంతా ఆ లోటు గురించే.

నేను చేసింది ఎగుమతి విధానం మీద సలహాదారు పని. సలహాదారు అంటే విదేశాల్లో చర్చలు, జెనీవాలో ప్రపంచ వాణిజ్య సంస్థ మీటింగులు అనుకుంటారు. అవీ ఉంటాయి, కాదనను. కానీ ఎక్కువ టైం నోట్ రాయడంలోనే పోతుంది. ఒక సరుకు ధర ఎగబాకిందనుకోండి, వెంటనే మీటింగ్ పెడతారు. వినియోగదారుల వ్యవహారాల శాఖ, వ్యవసాయ శాఖ, వాణిజ్య శాఖ, ఆర్థిక శాఖ, పక్కదేశాలకు వెళ్ళే సరుకైతే విదేశాంగ శాఖ కూడా వస్తాయి. వాళ్ళ ముందు రెండు మూడు పేజీల నోట్ ఉండాలి: పంట ఎంత, నిల్వ ఎంత, బయటికి పోయేదెంత, ఆపితే ధర ఎంత దిగుతుంది, ఎవరికి దెబ్బ. సలహాదారు నిర్ణయం తీసుకోడు. నిర్ణయం తీసుకునేవాళ్ళ కంట ఏది పడాలో చూస్తాడు, అంతే. అది చిన్న పని కాదు. నోట్‌లో ఎవరి సంగతి రాయలేదో వాళ్ళ గురించి ఆ మీటింగ్‌లో ఎవరూ ఎత్తరు.

ఇక్కడే అసలు తేడా ఉంది. వినియోగదారుల వ్యవహారాల శాఖ దేశంలో 550 కేంద్రాల నుంచి రోజూ ధరలు తెప్పించుకుంటుంది. గతంలో 22 సరుకులు చూసేవాళ్ళు, 2024 ఆగస్టు నుంచి 38 చూస్తున్నారు. అంటే నిన్న ఏ ఊళ్ళో ఉల్లి కిలో ఎంత పలికిందో ఈరోజు ఢిల్లీలో తెలుస్తుంది. మంచిదే, తెలియాల్సిందే. కానీ దువ్వూరులో నారు ఎప్పుడు పోశారు, ఎన్ని ఎకరాల్లో నాటారు, తవ్వకం ఏ వారంలో మొదలవుతుంది, ఈ కబురు అంత వేగంగా ఆ బల్ల మీదికి రాదు. పంట అంచనాలు వచ్చేసరికి పంట మార్కెట్‌కు వచ్చేసి ఉంటుంది. కొనేవాళ్ళ బాధ రోజూ అంకెగా మారి ఢిల్లీ చేరుతోంది, పండించేవాళ్ళ బాధ నష్టం జరిగాక అర్జీగా చేరుతోంది. దీన్ని సరిచేయకుండా ఎంత మేధావి సలహాదారును కూర్చోబెట్టినా అదే తీరు.

మన కేపీ ఉల్లినే తీసుకుందాం, కృష్ణాపురం ఉల్లి. ఇక్కడున్న రైతులకు నేను చెప్పేదేం లేదు, పిల్లల కోసం చెబుతున్నా. చిన్న గడ్డ, ఘాటెక్కువ. మన ఇళ్ళలో కూరకు దీన్ని పెద్దగా కొనరు. థాయిలాండ్, మలేషియా, సింగపూర్, హాంకాంగ్, శ్రీలంక వాళ్ళు కొంటారు. అంటే కడప, కర్నూలు జిల్లాల్లో ఇది బయటి మార్కెట్ కోసమే వేసే పంట.

2019 సెప్టెంబర్ 29న కేంద్రం ఉల్లి ఎగుమతులు నిషేధించింది. ఆ ఏడు మహారాష్ట్రలో వానలకు పంట దెబ్బతిని ధరలు విపరీతంగా పెరిగాయి కాబట్టి నిషేధానికి కారణం ఉంది. కానీ నోటిఫికేషన్‌లో ఉల్లి అంటే ఉల్లే. నాసిక్ గడ్డ, కడప గడ్డ రెండూ ఒకటే దాని లెక్కలో. కేపీ ఉల్లిని ఆపితే ఢిల్లీలో కిలోకు అర్ధరూపాయి కూడా తగ్గదు, ఎందుకంటే ఆ గడ్డను ఢిల్లీ కొనదు! ఇక్కడ మాత్రం సరుకు కుళ్ళిపోతుంది. ఎవరికీ మేలు లేకుండా ఒకరికి నష్టం చేసే నిర్ణయం అన్నమాట, విధానాల్లో ఇంతకంటే చెడ్డ రకం లేదని నా ఉద్దేశం.

అదే ఏడు అక్టోబర్ చివర్లో బెంగళూరు రోజ్ ఉల్లికి 9,000 టన్నుల వరకు సడలింపు వచ్చింది. అది కూడా కేపీ లాంటి గడ్డే, మన ఇళ్ళలో వాడనిదే. కర్ణాటక ముందు అడిగింది, ముందు తెచ్చుకుంది. మన కేపీకి 2020 ఫిబ్రవరిలో గానీ రాలేదు: 10,000 టన్నులు, మార్చి 31 లోపల, చెన్నై రేవు నుంచి మాత్రమే, సరుకు కేపీ ఉల్లేనని కడప ఉద్యానశాఖ అధికారి సర్టిఫికెట్ ఇవ్వాలి. నిషేధం పడ్డ నాటి నుంచి నాలుగు నెలలు దాటిపోయింది. నారు పోసిన దగ్గర్నుంచి తవ్వేదాకా ఉల్లికి పట్టేది కూడా ఇంచుమించు అంతే. ఆ సర్టిఫికెట్ షరతు మీద నాకు గౌరవం ఉంది, ఎందుకంటే రేవులో కస్టమ్స్ అధికారికి ఏ గడ్డ ఎక్కడిదో చూసి చెప్పడం కష్టం, చెప్పగలిగిన మనిషి కడపలో ఉన్నాడు, అతని సంతకానికి విలువ ఇచ్చారు.

2020 సెప్టెంబర్ 14న మళ్ళీ నిషేధం. ఈసారి అక్టోబర్ 9కే రోజ్‌కు 10,000, కేపీకి 10,000 టన్నులు వదిలారు. నెల కూడా పట్టలేదు. అదే గడ్డ, అదే చెన్నై రేవు. ఏం మారింది? పాత ఫైల్ ఉంది. కిందటిసారి ఏం రాశారు, ఏ షరతులు పెట్టారు, అవి పనిచేశాయా లేదా అన్నీ అందులో ఉన్నాయి, కొత్తగా ఎవరినీ ఒప్పించాల్సిన అవసరం రాలేదు. పిల్లలూ, ప్రభుత్వంలో పనిచేయాలనుకునేవాళ్ళు దీన్ని బాగా గుర్తుపెట్టుకోండి. ఒకసారి సరిగ్గా రాసిన నోట్ పదేళ్ళ తర్వాత మీరు రిటైరయ్యాక కూడా ఎవరో ముఖం తెలియని రైతుకు పనికొస్తుంది. ఆ ఉద్యోగంలో నాకు నిజంగా తృప్తినిచ్చింది ఇదే.

సరే, సాధనాల గురించి కొంచెం. ఎగుమతిని అదుపు చేయడానికి ముఖ్యంగా మూడు దారులున్నాయి. పూర్తిగా నిషేధించడం, ఇంత ధరకు తక్కువ అమ్మకూడదని కనీస ఎగుమతి ధర పెట్టడం, సుంకం వేయడం. మొదటి రెండూ 1992 నాటి విదేశీ వాణిజ్య చట్టం కింద డీజీఎఫ్‌టీ, అంటే వాణిజ్య శాఖ కిందుండే విదేశీ వాణిజ్య డైరెక్టరేట్, ఇచ్చే నోటిఫికేషన్లు, సుంకం ఆర్థిక శాఖ చేతిలోది. 2023 ఆగస్టు నుంచి ఉల్లి మీద ఈ మూడూ వరసగా ప్రయోగించారు. ఆగస్టు 19న 40 శాతం సుంకం, అక్టోబర్ చివర్లో టన్నుకు 800 డాలర్ల కనీస ధర, అంటే కిలో దాదాపు 67 రూపాయలు, డిసెంబర్ 8న నిషేధం. నిషేధం మార్చి 31 వరకే అన్నారు, గడువు దగ్గరపడ్డాక పొడిగించారు, 2024 మే 4న ఎత్తేశారు, ఎత్తేస్తూ 550 డాలర్ల కనీస ధర, 40 శాతం సుంకం ఉంచారు. సెప్టెంబర్‌లో కనీస ధర పోయింది, సుంకం 20 అయ్యింది, 2025 ఏప్రిల్ 1న సుంకం కూడా పోయింది. ఇరవై నెలలు కాలేదు, ఎన్నిసార్లు మారిందో చూడండి. ఈ తేదీలు వింటుంటేనే మీకు టెన్షన్‌గా ఉంటే, పొలంలో పెట్టుబడి పెట్టి కూర్చున్న రైతుకు ఎట్లా ఉంటుంది?

నన్నడిగితే మూడింట్లో సుంకమే తక్కువ చెడు. సుంకం ఉన్నా బేరం నడుస్తుంది, కొనేవాడు తెగిపోడు. నిషేధం పెడితే కౌలాలంపూర్‌లో వ్యాపారి వేరే దేశం వాళ్ళను వెతుక్కుంటాడు, మనం తలుపు తీసిన రోజున తిరిగి వస్తాడనే గ్యారంటీ లేదు. 2019 అక్టోబర్‌లో అప్పటి బంగ్లాదేశ్ ప్రధాని షేక్ హసీనా ఢిల్లీకి వచ్చినప్పుడు ఉల్లి మాట ఎత్తారు, మీరు ముందే చెప్పి ఉంటే వేరే చోట తెప్పించుకునేవాళ్ళం అని. వంటలో ఉల్లి వేయొద్దని ఇంట్లో వంటమనిషికి చెప్పానని నవ్వుతూనే అన్నారు, కానీ విషయం నవ్వేది కాదు. ఆమె అడిగింది సరుకు కాదు, ముందస్తు కబురు. మన రైతు అడిగేది కూడా అదే. ప్రపంచ వాణిజ్య సంస్థ నిబంధనలు కూడా ఆహారానికి తీవ్రమైన కొరత వస్తే తాత్కాలికంగా ఎగుమతులు ఆపుకోవచ్చనే చెబుతాయి, ఆ హక్కును ఎవరూ కాదనడం లేదు.

నేను కూడా నిషేధం ఎప్పుడూ తప్పే అనను. కిలో వంద దాటినప్పుడు కడపలో కూలికి పోయే అమ్మ కూడా ఎర్రగడ్డలు కొనుక్కోవాలి కదా. ఆమె గురించి ఆలోచించని ప్రభుత్వం ఎందుకు? అట్లాగే ఎగుమతి తలుపులు తెరిస్తే చాలు, రైతు బాగుపడతాడు అనేవాళ్ళతో కూడా నాకు పేచీ ఉంది. 2025 ఏప్రిల్ నుంచి సుంకం సున్నా. అయినా ఆ ఆగస్టు, సెప్టెంబర్‌లో కర్నూలు మార్కెట్‌లో ఉల్లి ధర పడిపోతే రాష్ట్రం క్వింటాల్ 1,200 రూపాయలకు కొనాల్సి వచ్చింది. ఎందుకు? ఖరీఫ్ గడ్డలో తేమ ఎక్కువ, నిల్వకు ఆగదు, దూరం ప్రయాణానికి తట్టుకోదు. అదే టైంలో నాసిక్ వాళ్ళు రబీ గడ్డ నిల్వలోంచి తీసి అమ్ముతుంటారు. కర్నూలు రైతుకు కావాల్సింది తడి ఆరబెట్టుకునే చోటు, గ్రేడింగ్, కాలం తప్పించి వేసుకునే రకం. ఇవి ఢిల్లీ నోటిఫికేషన్‌తో వచ్చేవి కావు.

అనంతపురం శెనక్కాయ కథ ఇంకో రకం. అక్కడ అడ్డం వచ్చేది నిషేధం కాదు, బూజు. పంట చివరి రోజుల్లో వాన లేక భూమి ఎండిపోతే కాయలోకి ఒక బూజు చేరుతుంది, దానివల్ల అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది. నేరుగా తినే వేరుశెనగలో కిలోకు 4 మైక్రోగ్రాములు దాటితే యూరప్ రానివ్వదు. అనంతపురానికి చివరి వాన ఎగ్గొట్టడం అలవాటే కాబట్టి, ఇది పూర్తిగా రైతు చేతిలో లేదు. కానీ సగం చేతిలోనే ఉంది. కాయ పీకాక సరిగ్గా ఆరబెట్టడం, పగిలిన కాయ వేరు చేయడం, ఒలిచేటప్పుడు పప్పు మీద నీళ్ళు చల్లకపోవడం. చల్లితే పప్పు విరగదు, తూకం పెరుగుతుంది అని చల్లుతారు, ఆ తడిలోనే బూజు పెరుగుతుంది. వాణిజ్య విధానం అంటే ఇది కూడా. ఒక ఒప్పందంలో సుంకం సున్నా చేయించి సంబరపడి, ఊళ్ళో ఆరబెట్టుకునే కళ్ళం లేకపోతే ఆ సున్నా ఏం చేసుకోవాలి?

అరటి విషయంలో మనవాళ్ళు చేసి చూపించారు. 2020 జనవరి 30న తాడిపత్రి నుంచి 43 రిఫ్రిజిరేటెడ్ కంటైనర్లలో అరటి ముంబయి జేఎన్‌పీటీ రేవుకు రైల్లో పోయింది, అక్కడి నుంచి గల్ఫ్ వైపు. పుట్లూరు, నార్పల, ఇటు పులివెందుల రైతులు ల్యాబ్‌లో పెంచిన (టిష్యూకల్చర్) జీ9 రకం మొక్క వేశారు, గెలకు కవరు తొడిగారు, ముప్పాతిక భాగం ముదిరినప్పుడే కోశారు, 13, 14 డిగ్రీల చల్లదనంలో పంపారు. ఇందులో పెద్ద రహస్యం లేదు. తోట నుంచి రేవు దాకా ఏ ఒక్క అంచె కూడా తెగలేదు, అంతే.

ఇప్పుడు నేను అడగదలుచుకున్నది. మన రాష్ట్రంలో ఈ-క్రాప్ ఉంది. సర్వే నంబర్ వారీగా ఏ పంట వేశారో రైతు సేవా కేంద్రంలో నమోదవుతోంది. అంటే దువ్వూరు మండలంలో కేపీ ఉల్లి ఎన్ని ఎకరాలో, ఎప్పుడు వేశారో ప్రభుత్వానికి తెలుసు. బీమాకు, నష్టపరిహారానికి ఆ లెక్క వాడుతున్నారు. అదే లెక్కను పదిహేను రోజులకోసారి ఒక పేజీ చేసి, రకం, విస్తీర్ణం, తవ్వకం మొదలయ్యే వారం రాసి, వాణిజ్య శాఖకు, వినియోగదారుల శాఖకు నేరుగా పంపాలి. ధర పెరిగినప్పుడు కాదు, మామూలు రోజుల్లోనే పంపుతూ ఉండాలి. అప్పుడు నోట్ రాసే కుర్రాడి దగ్గర నాసిక్ ధర పక్కనే కడప తవ్వకం తేదీ ఉంటుంది, నిషేధం ముసాయిదాలోనే కేపీకి మినహాయింపు ఒక వాక్యంగా రాసుకోగలడు. ఆ వాక్యం కోసం 2019లో నాలుగు నెలలు ఎదురుచూశాం.

ఆ పేజీ తయారుచేయడానికి కొత్త డిపార్ట్‌మెంట్ ఏమీ అక్కర్లేదు. ఈ హాల్లో ఉన్న ఎకనామిక్స్ పిల్లలు ఒక ఐదుగురు, ఒక ఉద్యానశాఖ అధికారి, ముగ్గురు నలుగురు రైతులు చాలు. ఎవరైనా ముందుకొస్తే మొదటి పేజీ నేనే కూర్చుని రాయిస్తా, ఏ అంకె పైన ఉండాలో, ఏది కింద ఉండాలో చెబుతా. పేర్లు ఇక్కడే ఇచ్చి వెళ్ళండి. ముందు రైతులు ప్రశ్నలు అడగండి, ఆ తర్వాత పిల్లలు.