చట్రం వాళ్లది, అల్లిక మీది

వేదిక మీది పెద్దలకు, శిక్షణ పూర్తి చేసిన పిల్లలకు నమస్కారం. శాలువాలు తర్వాత కప్పుకుందాం. మీరు బస్సెక్కేలోపు రెండు మాటలు చెప్పాలి.

మనకు నచ్చింది చేయాలా, అమ్ముడుపోయేది చేయాలా అని అడుగుతున్నారు. మన కరీంనగర్ వెండి తీగ పనిలో (ఫిలిగ్రీలో) దీనికి జవాబు ఒక్క చెవి కమ్మలో దొరుకుతుంది. ఒంటికి తగిలేదంతా కొనేవాళ్లది. చట్రం లోపలి అల్లిక మీది.

కొక్కెం తీగ 0.8 మిల్లీమీటర్లు దాటనివ్వకండి, లావైతే చెవికుట్టులో దూరదు. ఒక్కో బుట్ట ఏడెనిమిది గ్రాములు మించితే తమ్మె సాగుతుంది, ఆ జత పెట్టెలోనే పడి ఉంటుంది. తీగ కొస పైకి లేచి పట్టుచీర కొంగును పట్టిందా, ఆమె మళ్లీ మీ దగ్గరికి రాదు. వీటిలో కొత్తదనం చూపించకండి. నాలుగు కొలతల చట్రాలు ఖాయం చేసుకుని, ఒక్కో కొలతలో మూడు రకాల అల్లికలు పెట్టి చూడండి.

అల్లికలో మాత్రం రాజీ పడొద్దు. కమ్మచ్చులో, అంటే తీగను సన్నగా సాగదీసే రంధ్రాల పలకలో లాగిన సన్న తీగలు రెండు పెనవేసి, చదును చేస్తేనే అంచున ఆ నూగు మెరుపు వస్తుంది. లాగుతూ లాగుతూ తీగ బిరుసెక్కుతుంది. మధ్యమధ్య కాచకపోతే పుటుక్కున తెగుతుంది. ఆ తీగను చుట్టిన చుట్టలు చట్రంలో బిగుతుగా కూర్చోవాలి. అతుకు పెట్టేముందు తడిపి పూసే వెలిగారం వేడికి పొంగి వదులు చుట్టను లేపేస్తుంది, అందుకే ముందు సన్న సెగ మీద తడి ఆరనివ్వండి. వెండి 962 డిగ్రీల దగ్గర కరుగుతుంది, అతుకు లోహమైన టంకం అంతకు సుమారు 200 డిగ్రీల ముందే పారుతుంది. మంటను చట్రం మీద తిప్పండి. నేరుగా అల్లిక మీద పెడితే సన్న తీగ ముద్దయిపోతుంది. టంకం పొడి ఎక్కువైతే సందులు పూడి, నూగు మెరుపు పోతుంది.

ఇక అసలు బాధ. 2007లో మన పనికి భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. అయినా దుకాణంలో ఇంకా తూకం వేసే మజూరి కడుతున్నారు! అయిదు గ్రాముల అల్లిక జతకు రోజంతా పడుతుంది. పదిహేను గ్రాముల అచ్చుపోత జతకు గ్రాము లెక్కన మూడింతల మజూరి. ఇలాగైతే సన్న తీగ ఎవరు లాగుతారు? అందరూ తీగ లావు చేస్తారు, చుట్టలు తగ్గిస్తారు. జనానికి నచ్చలేదని అల్లికను తప్పుపట్టకండి. దాన్ని చంపుతున్నది ఆ తక్కెడ. అమ్మా, వెనక కూర్చున్న దుకాణదారులు కూడా వినండి, ఇది మీతోనే చెబుతున్నాను.

పిల్లలూ, రేపటి నుంచి ప్రతి జతకూ చీటీ రాయండి. వెండి ఎంత, తరుగు ఎంత, టంకం ఎంత, గంటలు ఎన్ని. గంటల డబ్బు వేరే గీత కింద వేయండి. బేరం మొదలవ్వకముందే ఆ చీటీ కమ్మల పక్కన పెట్టండి.