గేటు మీద ‘సీబీఎస్ఈ సిలబస్’ అని రాసి ఉంటే సరిపోతుందా?

[దృశ్యం: పర్లాకిమిడి బజారు. గోడ మీద తెలుగు, ఒడియా, ఇంగ్లీషు లిపుల్లో బడి ప్రకటన.]

నమస్కారం. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం... ఒడిశాలో మన తెలుగు కుటుంబాలు ఉన్న ఈ ఊళ్లలో ప్రైవేటు బడుల ప్రకటనలకు కొదవ లేదు. ఒకచోట ‘ప్రభుత్వ గుర్తింపు పొందినది’, ఇంకోచోట ‘సీబీఎస్ఈ సిలబస్’. రెండూ ఒకటే అనుకుని ఫీజు కట్టేవాళ్లు చాలామంది. రెండింటికీ చాలా తేడా ఉంది. ఆ తేడా తెలియకపోతే నష్టపోయేది పిల్లలే.

ముందు గుర్తింపు సంగతి. ఇది రాష్ట్ర ప్రభుత్వం ఇస్తుంది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం 18వ సెక్షన్ ప్రకారం ఎనిమిదో తరగతి వరకు చదువు చెప్పే ఏ ప్రైవేటు బడీ గుర్తింపు పత్రం లేకుండా నడవకూడదు. నడిపితే లక్ష రూపాయల దాకా జరిమానా. అయినా మూయకపోతే రోజుకు పది వేల దాకా అదనం.

[తెర మీద: తనిఖీలో చూసేవి]

తనిఖీకి వచ్చిన అధికారి ఏం చూడాలో ఆ చట్టం చివర ఉన్న షెడ్యూలే చెబుతుంది. ఐదో తరగతి వరకు 60 మంది పిల్లలుంటే ఇద్దరు టీచర్లు, 90 వరకు ముగ్గురు, 120 వరకు నలుగురు. ఆరు నుంచి ఎనిమిది తరగతులకు 35 మందికి ఒకరు. టీచరుకొక గది. ఆడపిల్లలకు, మగపిల్లలకు వేర్వేరు మరుగుదొడ్లు. మంచినీళ్లు, గ్రంథాలయం, ఆటస్థలం, ప్రహరీ. ఏడాదికి ఐదో తరగతి దాకా 200, ఆపైన 220 పనిదినాలు. ఇవేవీ రహస్యాలు కావు. బడికి వెళ్లినప్పుడు మీ కళ్లతో మీరే లెక్కపెట్టుకోవచ్చు.

మనలాంటి సరిహద్దు ఊళ్లలో ఇంకో చిక్కుంది. అటు పాతపట్నం ఆంధ్రప్రదేశ్, ఇటు పర్లాకిమిడి ఒడిశా. యాజమాన్యం ఒకటే కావచ్చు, పేరూ ఒకటే కావచ్చు. కానీ అక్కడి బడికి వచ్చిన గుర్తింపు ఇక్కడి బ్రాంచికి చెల్లదు. దీన్ని పట్టుకోవడానికి తేలికైన దారి ఉంది.

[దృశ్యం: కాగితం మీద పదకొండు గళ్లు. మొదటి రెండు గళ్లకు ఎర్ర రంగు.]

ప్రతి బడికీ యూడైస్ కోడ్ అని 11 అంకెల సంఖ్య ఉంటుంది. మొదటి రెండు అంకెలు రాష్ట్రానివి, తర్వాతి రెండు జిల్లావి, ఆ తర్వాత రెండు బ్లాకువి, మూడు ఊరివి, చివరి రెండు బడివి. ఒడిశా బడి కోడ్ 21తో మొదలవుతుంది. ఆంధ్రప్రదేశ్‌ది 28, తెలంగాణది 36. పర్లాకిమిడిలో ఉన్న బడి ఇచ్చిన కాగితం మీద 28తో మొదలయ్యే కోడ్ కనిపిస్తే అక్కడే ఆగి అడగండి.

ఇక అనుబంధం. అంటే పదో తరగతి, పన్నెండో తరగతి పరీక్షలకు పిల్లల్ని తన పేరు మీద పంపే అర్హత. ఇది బోర్డు ఇస్తుంది. సీబీఎస్ఈకి దరఖాస్తు చేసే ప్రైవేటు బడి రాష్ట్ర ప్రభుత్వ గుర్తింపు, స్థలం కాగితాలు, భవన భద్రత, అగ్నిమాపక ధ్రువపత్రాలు చూపాలి. కమిటీ వచ్చి చూస్తుంది. సెక్షన్‌కు మామూలుగా 40 మందికి మించకూడదు, సెక్షన్‌కు ఒకటిన్నర చొప్పున టీచర్లు ఉండాలి. అయితే కమిటీ ముందు నిలబడ్డ టీచర్లు ఏడాది పొడవునా పాఠం చెబుతున్నారా అని చూడాల్సింది తల్లిదండ్రులే అని నా గట్టి నమ్మకం.

సీబీఎస్ఈ పుస్తకాలు ఏ బడైనా కొని చెప్పవచ్చు. ‘సిలబస్’ అన్న మాటకు అంతకన్నా అర్థం లేదు. అనుబంధం లేని బడి మీ పాపను వేరే బడి పేరు మీద పరీక్షకు కూర్చోబెడితే, మార్కుల పత్రం మీద ఆమె ఎన్నడూ చదవని బడి పేరు వస్తుంది. ఇది పిల్లలకు చేసే అన్యాయం. కాబట్టి అనుబంధ సంఖ్య అడిగి తీసుకుని సీబీఎస్ఈ వెబ్‌సైట్‌లో వెతకండి. బడి పేరు, చిరునామా, ఏ తరగతి వరకు అనుమతి, ఏ సంవత్సరం వరకు చెల్లుతుంది... నాలుగూ సరిపోవాలి.

మూడోది నాణ్యత మదింపు. క్వాలిటీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా అనే జాతీయ సంస్థలోని నాబెట్ విభాగం ఇచ్చే అక్రిడిటేషన్ ఇలాంటిదే. అది బడి ఇష్టప్రకారం తెచ్చుకునేది. ఉంటే మంచిదే, లేనంత మాత్రాన బడి చెడ్డదని కాదు. అది ఉన్నా గుర్తింపు, అనుబంధం తప్పనిసరే.

మన పిల్లల విషయంలో ఇంకొకటి కూడా అడగాలి: తెలుగు చెప్పే టీచరు ఉన్నారా? సీబీఎస్ఈ పదో తరగతిలో తెలుగును పాఠ్యాంశంగా తీసుకోవచ్చు. ఆంధ్రప్రదేశ్ తెలుగుకు కోడ్ 007, తెలంగాణ తెలుగుకు 089. కానీ బడి నేర్పితేనే అది మన పిల్లలకు దక్కుతుంది. పదిమంది తల్లిదండ్రులు కలిసి రాతపూర్వకంగా అడగండి.

[తెర మీద: తొమ్మిదో తరగతి రిజిస్ట్రేషన్]

ఈ పరిశీలన అంతా ఎనిమిదో తరగతి లోపే ముగించండి. సీబీఎస్ఈకి పిల్లల పేర్లు తొమ్మిదో తరగతిలోనే రిజిస్టర్ అవుతాయి, ఆ తర్వాత బడి మారడం కష్టం. అనుమానం ఉంటే జిల్లా విద్యాధికారి కార్యాలయంలో అర్జీ ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి.