లాభం ఉంది, మరి డబ్బేదీ? ఇన్వెస్ట్‌మెంట్ అనాలిసిస్ కోర్సు రివ్యూ

నమస్తే అండీ. ముందే చెప్పేస్తున్నాను, షేర్లు కొనేముందు కంపెనీ లెక్కలు చదవడం నేర్పే ఈ కోర్సు నాకు ఫ్రీగా ఇచ్చారు. వీడియో చేసినందుకు డబ్బులేమీ తీసుకోలేదు, రిలీజ్‌కి ముందు వాళ్లకి చూపించనూ లేదు. ఫీజు ఎంత, ఎన్ని గంటలు, సర్టిఫికెట్ ఉందా లేదా, ఇవన్నీ వాళ్ల పేజీలోనే ఉన్నాయి. మూడు వారాలు రోజూ రాత్రి పిల్లలు పడుకున్నాక కూర్చుని పూర్తిచేశాను. నేరుగా నాలుగో పాఠం దగ్గరికి వెళ్లిపోతాను. నాకు ఈ కోర్సంటే ఆ పాఠమే.

అందులో వీడియో ఎనిమిది నిమిషాలే. తర్వాత ఒక కంపెనీ యాన్యువల్ రిపోర్టు, ఒక ఖాళీ షీటు ఇస్తారు. ఐదేళ్ల లాభం ఒక వరసలో, వ్యాపారం నుంచి నిజంగా చేతికొచ్చిన క్యాష్ దాని కింది వరసలో మనమే నింపాలి. కాపీ పేస్ట్ కుదరదు, ప్రతి అంకె టైప్ చేయాల్సిందే. మొదట విసుగొచ్చింది. మూడో ఏడాదికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. లాభం పెరిగింది, క్యాష్ తగ్గింది! ఆ డబ్బు ఎటు పోయిందా అని వెతికితే బ్యాలెన్స్ షీట్‌లో 'ట్రేడ్ రిసీవబుల్స్' అనే లైన్లో దొరికింది. సరుకు అమ్మేశారు, డబ్బు ఇంకా రాలేదు.

ఇది మా ఇంటి కథేనండీ. నరసరావుపేటలో మా నాన్నకి ఎరువులు, పురుగుమందుల షాపు ఉండేది. ఎర్ర అట్ట వేసిన పొడుగాటి ఖాతా పుస్తకం ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది. రైతులు మందులు తీసుకెళ్లేది ఒకప్పుడు, డబ్బు ఇచ్చేది మిర్చి అమ్ముడుపోయాక. పుస్తకం చూస్తే లాభమే. గల్లాపెట్టె చూస్తే డిస్ట్రిబ్యూటర్‌కి కట్టడానికి ఏమీ లేదు. అమ్మ గాజులు రెండుసార్లు బ్యాంకుకి వెళ్లొచ్చాయి. ఏడాది అమ్మకం 60 లక్షలు, రావాల్సిన బాకీ 20 లక్షలు అనుకోండి. 20ని 60తో భాగించి 365తో గుణిస్తే దాదాపు 122 వస్తుంది. అంటే నాలుగు నెలల అమ్మకం డబ్బు బయటే ఉండిపోయిందన్నమాట. దీన్ని డెటర్ డేస్ అంటారని ఈ కోర్సులోనే తెలుసుకున్నాను. ఆ రాత్రే నాన్నకి ఫోన్ చేసి చెప్తే, "దానికో పేరు కూడా ఉందా అమ్మా!" అన్నారు.

రెండేళ్ల కిందట అమీర్‌పేటలో ఒక వీకెండ్ వర్క్‌షాప్‌కి డబ్బు కట్టి వెళ్లాను. రెండు రోజులూ షేరు ధర ఎక్కడం దిగడం చూపించే క్యాండిల్ చార్టులే. కంపెనీ ఏం తయారుచేస్తుంది, ఎవరికి అమ్ముతుంది అన్న మాటే రాలేదు. అందుకే ఈ నాలుగో పాఠం నాకు అంత నచ్చింది.

కానీ ఆరో పాఠం దగ్గర నిజంగా కోపం వచ్చింది. హైదరాబాద్ ఐటీ కంపెనీ సత్యం కంప్యూటర్స్ గురించి చెప్తూ, 2009 జనవరి 7న దాని చైర్మన్ రామలింగరాజు లెక్కల్లో మోసం ఒప్పుకుంటూ రాసిన లేఖను ప్రస్తావించి, "లాభం అబద్ధం చెప్పొచ్చు, క్యాష్ చెప్పదు" అని పాఠం ముగించేశారు. ఆ లేఖలో ఉన్నది దానికి పూర్తిగా వ్యతిరేకం కదండీ! పుస్తకాల్లో చూపించిన క్యాష్, బ్యాంకు నిల్వలు 5,361 కోట్లు. అందులో 5,040 కోట్లు అసలు లేవని ఆయనే రాశారు. అక్కడ అబద్ధం కూర్చున్నదే క్యాష్‌లో. కొత్తగా నేర్చుకునేవాళ్లు నాలుగో పాఠం షీటు నింపి, క్యాష్ బాగుంది కాబట్టి అంతా బాగుందనుకుంటే పరిస్థితి ఏంటి?

అక్కడ అడగాల్సినవి వేరే ఉన్నాయి. బ్యాంకులో అంత డబ్బుంటే వడ్డీ ఎంత వస్తోంది? ఆ వడ్డీ చేతికొచ్చిందా, 'రావాల్సి ఉంది' అని రాసుకున్నదేనా? సత్యం లేఖలో రావాల్సిన వడ్డీ కింద చూపిన 376 కోట్లు కూడా ఉత్తదేనని ఉంది. అంత డబ్బు చేతిలో ఉండి అప్పులెందుకు? సొంతవాళ్ల కంపెనీలతో లావాదేవీలు ఏమున్నాయి? 2008 డిసెంబరులో సత్యం, రామలింగరాజు కుటుంబానికి చెందిన మేటాస్ కంపెనీలు కొనబోతే షేర్‌హోల్డర్లు ఎదురు తిరిగింది ఇక్కడే. రిపోర్టు వెనక నోట్స్‌లో 'రిలేటెడ్ పార్టీ' అన్న భాగం తప్పకుండా చదవండి. ఈ విషయాలన్నీ కోర్సు వాళ్లకి మెయిల్ చేశాను. చూస్తామన్నారు. ఇది రికార్డు చేసే రోజుకి పాఠం ఇంకా అలాగే ఉంది.

మిగతా పాఠాలు పర్వాలేదు. షేరు విలువ కట్టే పాఠంలో ఎదుగుదల రేటు రెండు శాతం మార్చగానే విలువ ఎక్కడికో వెళ్లిపోతుంది, ఆ విషయం వాళ్లు దాచకుండా చూపించారు, అది బాగుంది. తెలుగు కూడా హాయిగా ఉంది.

కొనాలా అంటే, నాలుగో పాఠం కోసం నేనైతే డబ్బు పెట్టి కొంటాను. ఇప్పుడు ఖర్చు పెట్టలేనివాళ్లు ఆగిపోకండి. లిస్టెడ్ కంపెనీల యాన్యువల్ రిపోర్టులు స్టాక్ ఎక్స్‌ఛేంజీలైన బీఎస్‌ఈ, ఎన్‌ఎస్‌ఈ సైట్లలో ఉచితంగా దొరుకుతాయి. షేర్ మార్కెట్‌ని నియంత్రించే సెబీ, దాని శిక్షణ సంస్థ ఎన్‌ఐఎస్‌ఎం పెట్టే ఇన్వెస్టర్ సర్టిఫికేషన్ పరీక్షకి కూడా ఫీజు లేదు. నేను సొంతంగా ఒక షీటు తయారుచేసి, వడ్డీ కోసం ఒక వరస కలిపి, డిస్క్రిప్షన్‌లో పెట్టాను. మీ ఇంట్లో వాడే సబ్బో, టీ పొడో తయారుచేసే కంపెనీ ఒకటి తీసుకుని ఐదేళ్లు నింపండి. మీ చెయ్యి ఏ లైను దగ్గర ఆగిందో కింద కామెంట్లో రాయండి, నేను ఒక్కొక్కటీ చదువుతాను.