గడియారం చూసి లెక్కగట్టే పెట్రోలు

శ్రోతలకు నమస్కారం.

డీజిల్ ఇంజన్లతో బావి నీళ్లు తోడిన తరం వాళ్లు మన కడప జిల్లా పల్లెల్లో ఇంకా ఉన్నారు. వాళ్లు ట్యాంకు మూత తీసి వేపపుల్ల ముంచి, తడి ఎంతవరకు అంటిందో చూసి, "ఇంకా రెండు మళ్లు పారుతాయిలే" అనేవాళ్లు. లీటర్ల మాటే ఎత్తేవాళ్లు కాదు. నేను చిన్న విమానం నడపడం నేర్చుకోవడానికి పోయినప్పుడు మా గురువుగారు మొదట చేతికిచ్చింది కూడా అట్లాంటి పుల్లే.

నాలుగు సీట్ల సెస్నా 172కు పెట్రోలు ట్యాంకులు రెక్కల్లో ఉంటాయి. పైకెక్కి, మూత విప్పి, గీతలున్న పుల్లను నిలువుగా దించాలి. తీసిన వెంటనే చదవాలి. ఈ పెట్రోలు ఇట్టే ఆరిపోతుంది, తడి గుర్తు కూడా పోతుంది. విమానం వాలు నేల మీద నిలబడితే ఆ లెక్క పనికిరాదు. ఆ తర్వాత రెక్క కిందినుంచి కొంచెం పెట్రోలు గ్లాసులోకి వంచి వెలుతురుకు పట్టి చూడాలి. ఈ విమానంలో పోసే పెట్రోలు పేరు ఏవ్‌గ్యాస్ 100 ఎల్ఎల్, అది లేత నీలంగా ఉంటుంది. అందులో నీళ్లు చేరి ఉంటే అడుగున రంగు లేని ముత్యంలా కదులుతూ కనబడతాయి. ఆ ముత్యం కనబడకుండా పోయేదాకా వంచుతూనే ఉండాలి.

జెట్ విమానాలకు పోసే ఏటీఎఫ్ వేరు. అది ఈ ఇంజన్లో పోస్తే ప్రాణం మీదికి వస్తుంది. 2022లో వడోదర రిఫైనరీలో ఇండియన్ ఆయిల్ తయారీ మొదలుపెట్టేవరకు ఏవ్‌గ్యాస్‌ను మనం బయటి దేశాలనుంచే తెప్పించుకున్నాం. ఇప్పటికీ ప్రతి ఎయిర్‌పోర్టులో దొరకదు. దిగేచోట పోస్తారో లేదో బయల్దేరకముందే ఫోను చేసి అడగాలి.

172 ఎస్ మోడల్ ట్యాంకులు రెండూ నింపితే సుమారు 212 లీటర్లు పడుతుంది. అందులో ఇంజను వాడుకోగలిగేది 200. గంటకు 35 లీటర్లు తాగుతుందనుకుందాం. కడపనుంచి పుట్టపర్తికి గీత గీసినట్టు పోతే దాదాపు 110 కిలోమీటర్లు. గంటకు 200 కిలోమీటర్ల వేగంతో పోయిరావడానికి 66 నిమిషాలు. ఇప్పుడు ఆషాఢం గాలి కలపండి. పడమటి గాలి గంటకు 60 కిలోమీటర్లతో కొడుతుంటే పోవడానికే 47 నిమిషాలు పడుతుంది. వచ్చేటప్పుడు అదే గాలి వెనకనుంచి తోస్తుంది కాబట్టి సరిపోతుందని చాలామంది అనుకుంటారు. సరిపోదు. వచ్చేటప్పుడు 25 నిమిషాలు, మొత్తం కలిపితే 72. ఎదురుగాలిలో ఎక్కువసేపు ఉంటాం, తోడుగాలిలో తక్కువసేపు ఉంటాం. పోగొట్టుకున్నదంతా తిరిగి చేతికి రాదు.

దూరం పెరిగేకొద్దీ ఈ తేడా కూడా పెరుగుతుంది. అందుకే దిగేసరికి పగలైతే 30 నిమిషాలకు, రాత్రైతే 45 నిమిషాలకు సరిపడా పెట్రోలు మిగలాలని అంతర్జాతీయ నియమం. నేనైతే గంటకు తక్కువ ఒప్పుకోను.

పెట్రోలు లెక్క తప్పేది కొత్తవాళ్లకే అనుకోకండి. అమెరికాలో 2011 నుంచి 2015 దాకా పెట్రోలు అయిపోయో, ఇంజనుకు అందకో ఏడాదికి సగటున 50కి పైగా ప్రమాదాలు జరిగాయని అక్కడి రవాణా భద్రతా బోర్డు లెక్క తీసింది. ఆ పైలట్లలో దాదాపు సగంమంది విమానం నడపడమే వృత్తిగా లైసెన్సు తీసుకున్నవాళ్లు.

అందకపోవడం అన్నాను కదా, అది వేరే కష్టం. ట్యాంకులో పెట్రోలు ఉన్నా ఇంజనుకు చేరదు. గాయకుడు జాన్ డెన్వర్ 1997 అక్టోబర్ 12న కాలిఫోర్నియా తీరంలో తన చిన్న విమానం కూలి చనిపోయాడు. ఒక ట్యాంకునుంచి ఇంకో ట్యాంకుకు మార్చే పిడి ఆ విమానంలో పైలట్ ఎడమ భుజం వెనక ఉండేది. దాన్ని తిప్పాలంటే ఒళ్లంతా మెలితిరగాలి. బయల్దేరేముందు పెట్రోలు పోయమంటారా అని అడిగితే, ఎగిరేది గంటసేపే కదా అని వద్దన్నాడు. ఆ మాట తలుచుకుంటే ఈరోజుకూ నా మనసు కలుక్కుమంటుంది.

ఇంజను ఆగినా విమానం రాయిలా పడదు. 1000 మీటర్ల ఎత్తునుంచి గాలి లేనప్పుడు దగ్గర దగ్గర 9 కిలోమీటర్లు జారుకుంటూ పోతుంది. కానీ ఆ 9 కిలోమీటర్లలో కిందున్నది నల్లమల అడవి అయితే? వాన నానిన నల్లరేగడి చేను అయితే?

మా గురువుగారు తొడకు కట్టుకునే కాగితం మీద రెండు టైములు రాయించేవారు. ఒకటి ఇంజను వేసిన టైము, ఇంకొకటి ఏది ఏమైనా నేలమీద ఉండాల్సిన టైము. ఒకరోజు ఒక స్నేహితుణ్ణి ఎక్కించుకుని తిరిగొస్తున్నా. ఎదురుగాలి అనుకున్నదానికంటే ఎక్కువైంది. రెండో టైముకు పది నిమిషాలే ఉంది, ఇల్లు చేరాలంటే ఇంకా పాతిక నిమిషాలు కావాలి. మీటరు ముల్లు పావు ట్యాంకు చూపిస్తోంది. "పావుంది కదన్నా, పోదాం పద" అన్నాడు వాడు. నాకూ పోవాలనే ఉంది. కాగితం వైపు ఇంకోసారి చూసి, దాటొచ్చిన చిన్న రన్‌వే వైపు వెనక్కి తిప్పాను.

దిగినాక రెక్కెక్కి పుల్ల ముంచాను. తడి చిటికెనవేలి గోరంత అంటింది. కింద నిలబడ్డ వాడికి పుల్ల అందించాను. ఎండలో అది వాడి చేతిలోనే ఆరిపోయింది.