నీడ ఎవరి వీధిలో ఉంది?

శ్రోతలకు నమస్కారం.

మే నెల, మిట్టమధ్యాహ్నం, బస్టాపులో నిలబడ్డారనుకోండి. పక్కన ఒక వేపచెట్టు ఉంటే బస్సు అరగంట ఆలస్యమైనా ఓర్చుకుంటాం. అది లేకపోతే కరెంటు స్తంభం నీడ ఎటు పడుతోందో చూసుకుని ఆ జానెడు నీడలోనే ఒకరి వెనక ఒకరు నిలబడతాం. నేను చాలాసార్లు చూశాను, మీరూ చూసే ఉంటారు. మరి ఊళ్లో ఏ వీధికి ఎంత నీడ ఉందో లెక్క తీయడం ఎలా?

నడిచి లెక్కపెట్టొచ్చు. న్యూయార్క్‌లో 2015లో రెండు వేలకు పైగా వాలంటీర్లు, నగర సిబ్బంది కలిసి ఫుట్‌పాత్‌ల వెంట తిరిగి 6 లక్షల 60 వేలకు పైగా చెట్లు నమోదు చేశారు. గొప్ప పని, కానీ అది వీధి చెట్ల లెక్కే. ఇంటి పెరట్లో ఉన్న చెట్టు అందులోకి రాదు.

విమానం నుంచి ఫొటో తీస్తే పెరడూ కనిపిస్తుంది. 2020 నవంబరులో గూగుల్ లాస్ ఏంజెలెస్ నగరం కోసం ఈ పద్ధతిలోనే, ఆ ఫొటోలను ఏఐతో చదివించి చెట్ల మ్యాపు తయారుచేసింది. ఇందులో అసలు కిటుకు పరారుణ కాంతి దగ్గర ఉంది. బతికున్న ఆకు ఎర్రటి వెలుగును పీల్చుకుని, మన కంటికి కనిపించని పరారుణ కాంతిని బాగా తిప్పికొడుతుంది. అందుకే పచ్చరంగు వేసిన రేకుకీ పచ్చని ఆకుకీ తేడా పరారుణ కాంతిని పట్టే కెమెరాకి ఇట్టే తెలిసిపోతుంది. కానీ గడ్డి కూడా బతికున్న పచ్చదనమే కదా! పై నుంచి చూస్తే చెట్టు గరుకుగా, గుబురుగా ఉంటుంది, ఒక పక్కన నల్లటి నీడ పడుతుంది. గడ్డి చాప పరిచినట్టు ఉంటుంది. ఇది చెట్టు, ఇది గడ్డి అని మనుషులు గీతలు గీసి చూపించిన ఫొటోలు బోలెడన్ని చూశాక ఏఐకి ఆ తేడా పట్టుబడుతుంది.

లాస్ ఏంజెలెస్‌లో తేలింది వింటే మనసు చివుక్కుమంటుంది. సగానికి పైగా జనం చెట్ల నీడ 10 శాతం కూడా లేని చోట్ల ఉంటున్నారు. 44 శాతం మంది తీవ్రమైన వేడి ముప్పున్న ప్రాంతాల్లో ఉన్నారు.

హైదరాబాద్‌కి 2020 సంవత్సరానికి చెట్లను బాగా చూసుకునే నగరాలకిచ్చే 'ట్రీ సిటీ ఆఫ్ ది వరల్డ్' గుర్తింపు వచ్చింది, సంతోషమే. అయితే మన దగ్గర ఎప్పుడూ ఎన్ని మొక్కలు నాటామన్నదే చెప్పుకుంటాం. వాటిలో ఎన్ని బతికి నీడనిస్తున్నాయో చెప్పేది ఇలాంటి మ్యాపే, అదీ ఏటా తీస్తేనే.

అమెరికా ఫొటోలతో నేర్చిన ఏఐని తెచ్చి ఇక్కడ పెట్టేస్తే మాత్రం కుదరదు. మేడ మీద పందిరికి పాకిన బీరపాదుని అది చెట్టు అనుకోవచ్చు. ఆకు రాల్చిన నెలలో ఫొటో తీస్తే బాదంచెట్టుని లెక్కలోంచి తీసేయొచ్చు. పైకి పచ్చగా ఉండి మొదలు పుచ్చిపోయిన చెట్టు సంగతి ఆకాశం నుంచి ఎవరికీ తెలియదు, దానికి మనిషే దగ్గరికెళ్లి కాండం మీద తట్టి చూడాలి. అందుకని మన వేప, కానుగ, కొబ్బరి చూపించి దానికి మళ్లీ నేర్పాలి, తర్వాత వార్డుల వారీగా ఆ మ్యాపు అందరికీ కనిపించేలా పెట్టాలి. అప్పుడు వార్డు ఆఫీసుకి వెళ్లి, ఇదిగో మా బస్టాపు, చుట్టూ ఒక్క చెట్టూ లేదు, ఈ వానాకాలంలో మొదటగా ఇక్కడే మొక్కకి గుంత తవ్వండి అని వేలు పెట్టి చూపించి అడగొచ్చు.