కవలలు ఎల్‌కేజీలో చేరుతుంటే: సెక్షన్ గొడవ కంటే ముందు చూడాల్సినవి

అందరికీ నమస్కారం. వెనక వరసలో వినపడుతోందా? సరే, మొదలుపెడతాను.

జూన్ 12న బడులు తెరుస్తారు. ఈ హాల్లో కూర్చున్న చాలా ఇళ్లల్లో ఆ పొద్దున రెండు బ్యాగులు, రెండు వాటర్ బాటిళ్లు, రెండు ఏడుపులు. నేను ఎల్‌కేజీ పిల్లలకి చెప్పడం మొదలుపెట్టిన కొత్తలో కవలలు వస్తే స్టాఫ్ రూమ్‌లో అందరం వెళ్లి చూసొచ్చేవాళ్లం, ఇప్పుడు జంట లేని బ్యాచే తక్కువ. మన దగ్గరే కాదు, 2021లో వచ్చిన ఒక అంతర్జాతీయ అధ్యయనం లెక్క ప్రకారం ప్రపంచంలో ఏటా దాదాపు 16 లక్షల జంటలు పుడుతున్నాయి, అంటే పుట్టే ప్రతి 42 మంది పిల్లల్లో ఒకరు కవల. ఐవీఎఫ్ లాంటి చికిత్సలు పెరగడం, పిల్లల్ని కాస్త ఆలస్యంగా కనడం ఇందుకు కారణాలు.

మీరు నన్ను అడగబోయే మొదటి ప్రశ్న నాకు తెలుసు. ఇద్దరినీ ఒకే సెక్షన్‌లో వేయించాలా, విడివిడిగానా? అడ్మిషన్ల టైమ్‌లో తల్లిదండ్రులు దీని మీద పడే టెన్షన్ ఫీజు మీద కూడా పడరు. ఇంట్లో నాయనమ్మ ఒకటి అంటుంది, అమ్మమ్మ ఇంకోటి, పక్క ఫ్లాట్ ఆంటీ మూడోది.

దీని మీద విదేశాల్లో గట్టిగానే పరిశోధనలు జరిగాయి. 2018లో యూకే, కెనడాలోని క్యూబెక్ కలిపి దాదాపు 9,000 జంటల్ని, ఏడేళ్ల నుంచి పదహారేళ్ల వయసు వాళ్లని చూశారు. కలిసి చదివినా విడిగా చదివినా మార్కుల్లో, తెలివిలో, చదువు మీద ఆసక్తిలో చెప్పుకోదగ్గ తేడా ఏమీ కనపడలేదు. అంతకుముందు 2004లో బ్రిటన్‌లోనే ఐదేళ్ల పిల్లల మీద ఇంకో అధ్యయనం వచ్చింది. బడి మొదట్లోనే విడదీసిన పిల్లల్లో దిగులు, బెరుకు, లోలోపల ముడుచుకుపోవడం కాస్త ఎక్కువగా ఉన్నాయని టీచర్లు గమనించారు, ముఖ్యంగా అచ్చుగుద్దినట్టుండే కవలల్లో. రెండూ కలిపి చూస్తే నాకు అర్థమైంది ఇంతే: చదువు పాడైపోతుందన్న భయం అక్కర్లేదు, కానీ బడి కొత్త, మిస్ కొత్త, భాష కొత్త అయిన ఆ మొదటి సంవత్సరంలోనే బలవంతంగా విడదీయాల్సిన పని కూడా లేదు. "మా స్కూల్లో కవలల్ని వేరు చేయడం రూల్" అని ఎవరైనా అంటే, ఎందుకని గట్టిగా అడగండి. అమెరికాలో ఇలాంటి గొడవల వల్లే 2005లో మిన్నెసోటా రాష్ట్రం ఏకంగా చట్టం చేసింది. టెక్సాస్‌లో 2007 నుంచి ఉంది, డాలస్‌లో మీ చుట్టాలుంటే చెప్పండి, బడి మొదలైన 14 రోజుల్లోపు ఇద్దరినీ కలిపి ఉంచమనో, విడిగా ఉంచమనో తల్లిదండ్రులు రాసిస్తే స్కూలు వాళ్లు మామూలుగా ఒప్పుకోవాల్సిందే, మొదటి గ్రేడింగ్ పీరియడ్, అంటే మొదటి మార్కుల రిపోర్టు గడువు అయ్యాక క్లాసుకి ఇబ్బందిగా ఉందనుకుంటే ప్రిన్సిపల్ మార్చవచ్చు. ఇక్కడ ప్రిన్సిపల్ మేడమ్ మూడ్ బాగున్న రోజు చూసుకుని వెళ్లడమే మన చట్టం.

ఇంతకీ సెక్షన్ సంగతి అంత పెద్దది కాదని నా అభిప్రాయం. ఒకే సెక్షన్‌లో ఉండి కూడా ఇద్దరు పిల్లలు హాయిగా ఎవరికి వారుగా పెరగొచ్చు, వేరే సెక్షన్లలో ఉండి కూడా ఒకరి నీడలో ఒకరు నలిగిపోవచ్చు. మన కథల్లోనే చూడండి. లక్ష్మణుడు, శత్రుఘ్నుడు కవలలు, సుమిత్ర కొడుకులు, కానీ చిన్నప్పటి నుంచీ ఒకడు రాముడి వెంట, ఇంకొకడు భరతుడి వెంట. మనం మాత్రం రామలక్ష్మణులు అంటూ రాముణ్ణి తెచ్చి జంటలో కలిపేశాం, శత్రుఘ్నుణ్ణి మర్చేపోయాం! నకుల సహదేవులైతే పక్కపక్కనే పెరిగారు, అయినా విరాటుడి కొలువులో చేరేటప్పుడు ఒకడు గుర్రాల పని, ఇంకొకడు ఆవుల పని తీసుకున్నారు. సుమిత్ర ఏమైనా సెక్షన్ మార్పించమని అర్జీ పెట్టిందా?

మరి అసలు ఇబ్బంది ఎక్కడొస్తుందంటే, గేటు దగ్గర మీరు చెప్పే ఒక్క మాటతో. "అక్కవి కదమ్మా, చెల్లిని చూసుకో." రెండు నిమిషాలు ముందు పుట్టింది పాపం, దానికి ఉద్యోగం ఇచ్చేశారు. (కొన్ని ఇళ్లల్లో తర్వాత పుట్టినవాళ్లే పెద్ద అని లెక్క, అప్పుడు ఉద్యోగం వాళ్లకి.) ఆ తర్వాత క్లాసులో ఏం జరుగుతుందో మీకు కనపడదు, నాకు కనపడుతుంది. లంచ్ బెల్ కొట్టగానే ఆ అక్క తన బాక్స్ పక్కన పెట్టి చెల్లి బాక్స్ మూత తీస్తుంది, మూత బిగుసుకుపోయి రాకపోతే పంటితో లాగుతుంది, ఇడ్లీ చిన్నచిన్న ముక్కలు చేసి పెడుతుంది, కారప్పొడి ఉన్న ముక్క కనపడితే తీసి పక్కన పెడుతుంది, ఎందుకంటే చెల్లికి కారం పడదు. చెల్లి తిన్నంతసేపూ దాని నోటివంకే చూస్తూ కూర్చుంటుంది. ఈలోపు బెల్. సాయంత్రం ఇంట్లో బ్యాగు తెరిస్తే ఒక బాక్స్ ఖాళీ, ఇంకోటి పెట్టింది పెట్టినట్టే ఉంటుంది. అప్పుడు తిట్లు ఎవరికి? "చూడు, చెల్లి ఎంత బుద్ధిగా తినేసిందో!"

ఇలాంటి పిల్లలే మొదటి వారం ఏడవరు. తోడుపుట్టింది ఏడుస్తుంటే కళ్లు తుడుస్తారు, మిస్ దగ్గరికి లాక్కొస్తారు, అందరూ మెచ్చుకుంటారు. రెండో వారంలోనో మూడో వారంలోనో చెల్లి సర్దుకుని బొమ్మల దగ్గర ఎవరితోనో ఆడుకోవడం మొదలుపెడుతుంది, అప్పుడు అక్క మొదలుపెడుతుంది, పొద్దున కడుపునొప్పి, బస్సు ఎక్కనని మొరాయింపు, రాత్రి పక్క తడపడం. ఇన్నాళ్లూ బాగానే వెళ్లింది, ఇప్పుడేమైంది, ఎవరైనా కొట్టారా అని మీరు కంగారుపడి స్కూలుకి పరుగెత్తుకొస్తారు. ఎవరూ కొట్టలేదు. డ్యూటీ అయిపోయింది, ఇప్పుడు దానికి ఏడవడానికి తీరిక దొరికింది, అంతే. ఆ వారం దాన్ని కాస్త ఎక్కువ ఒళ్లో కూర్చోబెట్టుకోండి.

ఇక రెండోది, మాటలు. కవలలకి మాటలు కాస్త ఆలస్యంగా రావడం మామూలే. నెలలు నిండకుండా పుట్టడం ఒక కారణం, పెద్దవాళ్లు ఒక్కొక్కరితో విడిగా మాట్లాడే సమయం తగ్గిపోవడం ఇంకోటి. పైగా వాళ్లిద్దరికీ ఒకరి సగం మాట ఒకరికి అర్థమైపోతుంది. అలాంటివాళ్లు తెలుగిల్లు దాటి ఇంగ్లిష్ మీడియం ఎల్‌కేజీలోకి వస్తే, క్లాసులో ఒకడు ప్రతినిధి అయిపోతాడు. నేను చిన్నవాణ్ణి "నీకేం కావాలి నాన్నా" అని అడుగుతాను, పెద్దవాడు "వాడికి సుస్సు వస్తోంది మిస్" అంటాడు. నిజంగానే వస్తుంటుంది కూడా! ముప్ఫై మంది పిల్లలున్న క్లాసులో ఏ టీచర్‌కైనా ఇది సుఖంగానే ఉంటుంది. కానీ పట్టించుకోకపోతే దసరా సెలవుల నాటికి కూడా ఆ చిన్నవాడి గొంతు ఎలా ఉంటుందో మిస్‌కి తెలియదు. అందుకే నేను వాళ్లని ఒకే బెంచీ మీద కూర్చోబెట్టను. ఒకే గదిలో, కనపడేంత దూరంలో, వేర్వేరు బెంచీల మీద. ఇది మీరు మీ పిల్లల టీచర్‌ని అడగొచ్చు, సెక్షన్ మార్చడం కంటే తేలిక.

జూన్ లోపు ఇంట్లో చేయగలిగేది ఒకటుంది. ఒక్కొక్కరినీ విడిగా బయటికి తీసుకెళ్లండి. ఒకరు నాన్నతో కిరాణా కొట్టుకి, ఇంకొకరు తాతయ్యతో గుడికి, మర్నాడు అటువాళ్లు ఇటు. పుట్టాక ఒక్క గంట కూడా విడిగా ఉండని పిల్లలు ఉన్నారు, నమ్మండి, వాళ్లకి మొదటిసారి అలా ఉండాల్సింది కొత్త బడిలో అయితే ఎలా? కొట్టు దగ్గర పెరుగు ప్యాకెట్ తనే నోరు తెరిచి అడగాలి, పక్కన అడిగిపెట్టేవాళ్లు ఉండరు.

పేర్ల సంగతి, ఇప్పుడు చెప్పి లాభం లేదు, అయినా చెప్తా. సాయి చరణ్, సాయి కిరణ్ అని పెట్టారు, ఇనీషియల్ ఒకటే, పుట్టిన తేదీ ఒకటే. ఆఫీసులో ఎంట్రీ చేసేవాళ్లు ఒకటి డూప్లికేట్ అనుకుంటారు. ఫీజు రసీదు, ఆధార్, టీకా కార్డు ప్రతిదీ రెండుసార్లు చూసుకోండి. ఐదేళ్లలోపు బాల ఆధార్‌లో వేలిముద్రలు ఉండవు కాబట్టి కార్డులు తారుమారైతే ఎవరూ పట్టుకోలేరు. అచ్చుగుద్దినట్టుంటే టీచర్‌కి ఒక గుర్తు చెప్పండి, పుట్టుమచ్చో, షూ రంగో. మొహమాటపడకండి, మాకూ సిగ్గే, నెలరోజులైనా "నువ్వెవరు నాన్నా" అని అడగాలంటే.

పోలికలు వద్దని అందరూ చెప్తారు, నేనూ చెప్తాను, మీరూ తలూపుతారు. ఇంటికెళ్లగానే రెండు నోట్‌బుక్కులు పక్కపక్కన పెట్టి చూస్తారు, ఒకరి స్టాండింగ్ లైన్లు నిటారుగా ఉంటాయి, ఇంకొకరివి పడుకుని ఉంటాయి, పైగా అవి స్లీపింగ్ లైన్లు కావు. నాలుగేళ్ల చేతి కండరాలవి, ఒకరికి ఆరు నెలలు ముందొస్తాయి, ఇంకొకరికి వెనకొస్తాయి. కొత్త విద్యా విధానం ఒకటో తరగతికి ఆరేళ్లు నిండాలంటోంది, తొందరేం లేదు. కనీసం ఒక పని చేయండి, నోట్‌బుక్కులు వేర్వేరు గంటల్లో చూడండి, రెండోవాళ్లు ఆ గదిలో లేనప్పుడు.

పేరెంట్స్ మీటింగ్‌కి వచ్చినప్పుడు ఇద్దరికీ కలిపి ఒకే పది నిమిషాలు ఇస్తారు. ఒప్పుకోకండి. ఫీజు రెండు కట్టారు, రెండు స్లాట్లు అడగండి. మొదటి స్లాట్‌లో రెండోవాళ్ల పేరు ఎత్తకుండా ఉండగలరేమో చూడండి, చాలా కష్టం, టీచర్లకి ఇంకా కష్టం.

నేను చెప్పాలనుకున్నవి ఇవే. ఇప్పుడు మీ ప్రశ్నలు, ముందు ఆ కిటికీ దగ్గర కూర్చున్న నాయనమ్మగారికి మైక్ ఇవ్వండి, ఇందాకటి నుంచి ఆవిడ నా మీద కోపంగా ఉన్నారు.