ప్రాణం దక్కిన తరువాత

శ్రోతలకు నమస్కారం. బండి మీద నుంచి పడి తలకు గాయమైన మనిషి ఆసుపత్రి నుంచి ఇంటికి చేరిన నాడు అందరూ అనే మాట ఒక్కటే: ప్రాణం దక్కింది, అదే పదివేలు. రెండు నెలలు గడిచి, కుట్లు మాని, నడక కుదుటపడ్డాక, ఆ ఇంటి ఇల్లాలు గొంతు తగ్గించి ఇంకో మాట అంటుంది: ‘మనిషి మునుపటిలా లేడు’.

1848లో అమెరికాలోని వెర్మాంట్‌లో, రైలుదారి కోసం బండలు పేల్చే ముఠాకు మేస్త్రీగా ఉన్న ఫినియాస్ గేజ్ పుర్రెలోంచి మూడున్నర అడుగుల ఇనుప కడ్డీ దూసుకుపోయింది. అతడు బతికాడు, కానీ నెమ్మదస్తుడైన ఆ పాతికేళ్ల యువకుడు నిలకడ లేనివాడై, నోటికొచ్చినట్లు తిట్టేవాడయ్యాడని వైద్యుడు హార్లో రాశాడు. ఆ గేజే తరువాత చిలీ దేశంలో ఏళ్ల తరబడి గుర్రపు బండి తోలి బతికాడన్న సంగతి మాత్రం ఎందుకో అంతగా ప్రచారంలోకి రాలేదు.

కోపాన్ని అదుపు చేసేదీ, లేచి పని మొదలుపెట్టించేదీ మెదడు ముందు భాగమే. అక్కడ దెబ్బ తగిలినవారిలో ఒకరు గిన్నె చప్పుడుకే కేకలు వేస్తే, మరొకరు పొద్దస్తమానం గోడకేసి చూస్తూ కూర్చుంటారు. మొదటిదాన్ని పొగరనీ రెండోదాన్ని బద్ధకమనీ అనుకోవడం వారికి చేసే అన్యాయం. తనలోని మార్పు తనకే తెలియకపోవడం కూడా ఈ గాయం లక్షణమే. తీరా అది తెలిసివచ్చే దశలోనే కొందరు దిగులులో కూరుకుపోతారు కాబట్టి, చావు మాట ఎత్తితే తేలికగా తీసుకోక వెంటనే వైద్యునికి చెప్పాలి. ఫిట్స్ రాకుండా ఇచ్చే లెవెటిరాసెటమ్ వంటి మందు కూడా కొందరిలో చిరాకు పెంచుతుంది; దాన్ని సొంతంగా ఆపకుండా డాక్టరును అడగాలి. మద్యం జోలికి అసలు పోకూడదు.

ఇక కనిపెట్టుకుని ఉండే భార్యో తల్లో పడే బాధకు మన ఆచారాల్లో చోటు లేదు. చనిపోయినవారి కోసం ఏడిస్తే పదిమంది వచ్చి పరామర్శిస్తారు. ఎదురుగా కూర్చుని అన్నం తింటున్న మనిషి కోసం ఏడిస్తే, బతికి బయటపడ్డాడు కదా, ఇంకేం కావాలని మందలిస్తారు. ఆ దుఃఖం తప్పు కాదు. వారంలో ఒక పూటైనా ఆడపడుచో మరిదో వచ్చి రోగి దగ్గర కూర్చుంటే, ఆమె కంటినిండా నిద్రపోగలదు. మనసు బాధలకు ఫోనులో సలహా ఇచ్చే ప్రభుత్వ టెలీ మానస్ సేవ, 14416 నంబరులో, రాత్రింబవళ్లు తెలుగులోనూ అందుతుంది. ఆ ఫోను రోగి కోసమే చేయనక్కరలేదు. ఆమె తన కోసం కూడా చేయవచ్చు.